కరవు చెక్కిన శిల
గుత్తి కోట నీడనుండి మెదకు గోపురము దాక

అనంతపురం పీఠభూమికి ప్రకృతి వర్షమును ఉద్ధరిణెతో పోసినది గాని, రాతిని మాత్రము లెక్కలేక కుమ్మరించినది. ఏడాది పొడవునా కలిపి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురిసెడి వానను నమ్ముకొని వేరుసెనగ విత్తుకొనవలసిన ఈ నేలమీద, ఏ దిక్కునకు చూచినను బూడిదవన్నె గుట్టలు, ఎవరో దొర్లించి మరచిపోయినట్లు వాటి చుట్టును గుండ్లు, గుండ్ల నడుమ సీతాఫలపు పొదలు కానవచ్చును. ఇంటి కంబము ఆ రాతిదే, చేనిగట్టు ఆ రాతిదే, పశువుల తొట్టి, ఊరిముందరి వీరగల్లు, కోట బురుజు, కోవెల మండపము ఆ రాతివే. సముద్రము దాటి వచ్చిన మతమొకటి ఇచ్చట తన దైవమునకు ఇల్లు కట్టదలచినపుడు దాని చేతికందినదియు ఆ రాయియే. అందుచేత ఈ సీమలో పాతకాలపు రాతి చర్చికి ఛాయాచిత్రము తీయుట యనగా ఒక భవనమును చిత్రించుట మాత్రమే కాదు. ఆ రాతిని ఎవరు పగులగొట్టిరి, ఏ కూలికి పగులగొట్టిరి, ఆ యేడు వాన కురిసెనా లేదా అను ప్రశ్నలు కూడ చట్రములోనికి వచ్చి కూర్చుండును. వాటిని తొలగించి గోపురమును, దాని వెనుక మేఘమును మాత్రము పట్టుకొన్న చిత్రములు కాలెండరులకు పనికివచ్చును.

పని పద్ధతి ముందుగా చెప్పవలెను. రాతి కట్టడమునకు ప్రాణము వెలుగు కాదు, నీడ. మా సీమలో ఎండకాలమున ఉదయము తొమ్మిది దాటెనా, వెలుతురు నడినెత్తికి ఎక్కి, గోడపైనున్న ఎత్తుపల్లములనన్నిటిని చదునుచేసి, శతాబ్దము నాటి ఉలిపనిని నిన్న మొన్న పూసిన సిమెంటువలె చూపును. సూర్యుడు గోడను ఒరసికొని పోవు ప్రాతఃకాలమునను, మరల సాయంకాలము అయిదు దాటిన పిదపను మాత్రమే రాయి తన ముఖము చూపును. అపుడు దగ్గరకు పోయి చూచినచో, దిమ్మె అంచున బొటనవ్రేలు పట్టునంతటి గుంటలు వరుసగా కనబడును. అవి అలంకారము కావు. బండను చీల్చుటకై ఒడ్డెవారు ఉలితో తొలిచిన గుంటలవి. వాటిలో ఇనుప చీలలు దిగవేసి, ఒకదాని తరువాత ఒకదానిని సమ్మెటతో మోదుచు పోగా, ఏదో యొక దెబ్బకు చీల మీది మ్రోత మారి, బండ గీత గీచినట్లు రెండుగా విడిపోవును. విడిపోయిన ప్రతి దిమ్మెకును సగము గుంటలు మిగులును. వీధివైపు వచ్చు ముఖమును చెక్కి నునుపు చేసినను, పునాది వరుసలోనో, వెనుక గోడలోనో, ఎవరును చూడరనుకొన్న చోట ఆ సగము గుంటలు అట్లే నిలిచియుండును. నా కెమెరా ముందుగా వెదకునది వాటినే.

ఇంకొక చిక్కు కొలతది. కెమెరాలోని లైట్‌మీటరు లోకమంతయు నడిమి బూడిదరంగున ఉండునని నమ్మును. మా గ్రానైటు దైవికముగా ఆ రంగుకే చేరువ గనుక దానిని చక్కగనే కొలుచును గాని, ప్రక్కనే సున్నము కొట్టిన సమాధి యున్నయెడల దానిని కూడ బూడిద చేసి పెట్టును. తెలుపు తెలుపుగా నిలువవలెనన్న ఒకటి, ఒకటిన్నర స్టాపు వెలుగు అదనముగా ఈయవలెను. ఎత్తైన గోపురమును క్రిందినుండి కెమెరా పైకెత్తి తీసినచో, నిలువు గోడలు రెండును పైన ఒకదానివైపొకటి ఒరిగి, కట్టడమంతయు వెనుకకు పడబోవునట్లు తోచును. జాగా యున్నవారు వెనుకకు వెనుకకు నడువవలెను; లేనివారు ఎదుటి మేడ యజమానిని బతిమాలుకొని మిద్దె యెక్కవలెను; డబ్బున్నవారు వంపును సరిచేయు లెన్సు కొనవలెను. నేను మిద్దెలు ఎక్కువగా ఎక్కినవాడను.

ఈ పనికి గుత్తి తగిన ఊరు. కోటకొండ ఎక్కినచో ఈ నేల యెట్టిదో బోధపడును. 1776లో హైదరాలీ ఆ కోటను చుట్టుముట్టి తొమ్మిది నెలలు కాచుకొని యుండగా, మురారిరావు ఘోర్పడే తుదకు లొంగిపోయినది ఫిరంగులకు కాదు, లోపలి నీరు ఇంకిపోయినందుకు. కొండకొమ్మున, నిట్టనిలువు చరియ అంచున, మురారిరావు గద్దె యని పిలువబడు చిన్న మంటపము నేటికిని కలదు. ఆయన అచ్చట కూర్చుండి చదరంగమాడెడివాడని చెప్పుకొందురు. అచ్చటినుండి క్రిందికి చూచినచో ఊరు, రైలుపట్టాలు, బీడుభూములు అన్నియు ఒక్క చట్రములో ఇముడును. మదరాసునుండి రాయచూరునకు 1871లో పూర్తియైన రైలుమార్గము గుత్తి మీదుగా పోయినది. 1899లో ఇచ్చటి రైల్వే కలప అడితిలో నీలమణి చాయతో మెరయు సాలీడు ఒకటి దొరికి, జంతుశాస్త్రజ్ఞుల గ్రంథములలో గుత్తి పేరు లోకమంతట ప్రాకినది; అది నిజమునకు ఈ ఊరిది కాదు, నల్లమల వైపు అడవులనుండి దుంగలతోపాటు రైలెక్కి వచ్చినదని తరువాత పెద్దలు తలపోసిరి. గుత్తి పేరు మోయుచున్న పరదేశి అది యొక్కటే కాదు.

కోట పాదమున, పైకి పోవు త్రోవ చేరువను, ఆంగ్లేయుల శ్మశానము కలదు. నిజాము 1800లో దత్తమండలములను కుంపిణీకి ఒప్పగించినపుడు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి, అనంతపురమును నెలవు చేసికొని, 1807 వరకు ఊరూరా డేరా వేయుచు రైత్వారీ పద్ధతిని ఇచ్చట నాటిన థామస్ మన్రో, పిమ్మట 1820లో మదరాసు గవర్నరై, పదవి వదలి స్వదేశమునకు పోవుటకు ముందు తన పాత సీమను ఒక్కసారి చూచి పోదమని 1827లో మరల ఈ దారిని వచ్చెను. జూలై 6వ తేదీన పత్తికొండలో విషూచి ఆయనను పట్టి ఒక్కనాటిలోనే ప్రాణము తీసెను. దేహమును గుత్తికి తెచ్చి పూడ్చిరి. 1831లో అస్థికలను మదరాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించిరి. మదరాసులో జీను, రికాబులు లేని గుఱ్ఱముపై ఆయన కంచువిగ్రహమును నిలిపిరి. దాని ముందర ఫొటో దిగని యాత్రికుడు అరుదు. గుత్తికి దక్కినది ఖాళీయైన నేల. లేని మనుష్యుని సమాధిస్థలమును ఎట్లు చిత్రింపవలెనో ఏ ఫొటోగ్రఫీ పుస్తకమును చెప్పదు. అచ్చటి స్తంభములను, గోరీలను, పైన కోట గోడను ఒకే చిత్రములో పట్టి, ఆ ఎత్తుకును ఈ పల్లమునకును గల దూరము కనబడునట్లు చేయుటకంటె మేలైన ఉపాయము నాకు తోచలేదు.

మన్రోను దేవుని చేసినవారున్నారు, బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొన్న ఇండ్లు దత్తమండలములలో ఉండెడివి. అంతటి భక్తి నాకు లేదు. శిస్తును నాలుగవ వంతు తగ్గింపవలెనని 1807లో ఆయనయే పైవారికి వ్రాసినాడన్న సంగతి చాలును, అప్పటి శిస్తు ఎంత బరువైనదో తెలియుటకు. పైవారు అప్పటికి వినలేదు కూడ. అయినను ఆయనను గురించి కడపవారు చెప్పు కథయొకటి కెమెరా పట్టినవాడు వినదగినది. పాపాఘ్ని నది కొండను చీల్చుకొని వచ్చెడి గండి కడ, రాముని రాకకై వాయుదేవుడు రెండు కొండల నడుమ బంగారు తోరణము కట్టెనట. అది సామాన్యులకు కానరాదు, కాలము సమీపించిన పుణ్యాత్ములకు మాత్రమే కనబడును. మన్రో ఆ దారిని పోవుచు తలయెత్తి చూచి, ఆ తోరణమేమని తోడివారిని అడిగెనట. వారికేమియు కనబడలేదు. దొర ఇంకెంతో కాలము బ్రతుకడని అందొక ముసలివాడు అప్పుడే అనెనట. కథను నమ్మినను నమ్మకున్నను, అందరు చూచుచున్న చోటనే ఒక్కనికి మాత్రము ఏదో కనబడుట, దానిని ఇతరులకు చూపింపలేకపోవుట ఫొటో తీయువారికి నిత్యానుభవము.

మన్రో వెనుక మతబోధకులు వచ్చిరి. లండన్ మిషను పక్షమున జాన్ హ్యాండ్స్ 1810లో బళ్ళారి చేరెను; 1822లో కడపలో మరొక స్థానము ఏర్పడెను; ఆ శతాబ్దపు చివరి పాదమున గుత్తి, అనంతపురములు వారి కేంద్రములైనవి. పాఠశాల, వైద్యశాల, ప్రార్థనామందిరము, అయ్యగారి బంగళా, బావి; ఎక్కడికి పోయినను మిషను కాంపౌండు రూపమిదే. వీటిలో బావిని చిన్నచూపు చూడరాదు. ఆ చర్చిలలో చేరినవారిలో అధికులు ఊరి బావి గట్టు తొక్కనీయబడని మాలపల్లెలవారు. తమ చేద తాము వేసికొనగల బావి ప్రక్కన నిలిచిన గుడికి, వర్ణగాజు కిటికీలు లేకున్నను, కావలసినంత శోభ యుండెను. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడగా ఈ మందిరములు దానిలో కలిసినవి. ఆదివారము నాడు నేటికిని నిండుచున్నవి.

ఇక కరవు. 1876లో వచ్చిన దానిని మన పెద్దలు ధాత కరవని సంవత్సరము పేరుతో పిలిచిరి. నేటి అనంతపురము జిల్లా అప్పుడు బళ్ళారి జిల్లాలో భాగము. 1882లో గాని వేరుపడలేదు. రెండేండ్లలో దక్షిణదేశమున యాభై లక్షలకు మించి ప్రాణములు పోయినవని అంచనా. దొరతనమువారు కరవు పనులు పెట్టిరి: బాటలు వేయుట, చెరువులు త్రవ్వుట, కంకర కొట్టుట. ఖర్చు తగ్గింప వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ మగవానికి దినకూలి ఒక పౌను ధాన్యము, అనగా అరకిలో కూడ నిండనిది, దానిపై ఒక అణా చాలునని తేల్చెను. మదరాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిష్ అది కూలి కాదు, క్షయమని వాదించెను. ఇదే కాలమున మదరాసు సైన్యమునందలి విల్లోబీ వాలెస్ హూపర్ అను అధికారి కెమెరా పట్టుకొని బయలుదేరి, ఎముకల గూళ్ళైన మనుష్యులను కుటుంబములుగా కూర్చుండబెట్టి, కదలవద్దని చెప్పి, చిత్రములు తీసెను. ఆ చిత్రములను నేను చూచితిని. పనితనమునకు వంక లేదు: వెలుగు సమముగా నున్నది, ప్రతి ప్రక్కటెముకయు విడివిడిగా లెక్కింపనగును. అదియే వాటి దోషము. అవి కరవును లోకమునకు చూపినవన్నది నిజము. చూపబడినవారికి పేరు లేదు, ఊరు లేదు, తరువాత తిండి దొరికినదో లేదో చెప్పు మాట లేదు. ఆ అధికారియే 1886లో బర్మాలోని మాండలేలో మరణశిక్షను కాల్పుల క్షణముననే పట్టబోయి విచారణకు గురియైనాడన్నచో ఆశ్చర్యము కలుగదు.

అదే కరవున ఒంగోలులో అమెరికను బాప్టిస్టు క్లౌ దొర బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ళు గుత్తకు తీసికొని, త్రవ్వినవారికి కూలి యిచ్చి బ్రతికించెను. సహాయము సాగినంతకాలము ఎవరికిని బాప్తిస్మము ఇయ్యననెను. అన్నమునకై మతము మారిరన్న మాట రాకూడదని ఆయన తలంపు. పిమ్మట 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కదినమే 2,222 మందికి ఇచ్చిరి. అన్నమునకును మతమునకును నడుమ ఆయన గీచిన గీత ఎంతవరకు నిలిచెనో చదువరులే యోచింపవచ్చును. గీయవలెనని తోచుటయే ఆ కాలమున విశేషము.

కరవును రాతిగా మార్చిన కథ మాత్రము పూర్తిగా చూడవలెనన్న కృష్ణకు ఉత్తరముగా పోవలెను. మెదకు మా సీమ కాదు. నాడది నిజాము రాజ్యము, వెస్లియను మిషనువారి కార్యక్షేత్రము. అయినను అచ్చటి గుడి ముందర నిలిచిన అనంతపురమువాడు తన నేలనే చూచుకొనును. పందొమ్మిదవ శతాబ్దము చివర ఆ చిన్న ఊరు చేరిన చార్లెస్ వాకర్ పాస్నెట్, మొదటి ప్రపంచయుద్ధకాలమున వానలు తప్పి జనము అలమటించుచుండగా, ఊరక గంజి పోయుటకంటె పని కల్పించి తిండి పెట్టుట మేలని తలచి, 1914లో గుడి పని మొదలిడెను. పదేండ్లు పట్టినది. 1924 డిసెంబరు 25న ద్వారములు తెరచిరి. ఇంగ్లండులోని బోల్టన్ పట్టణపు బ్రాడ్‌షా గాస్ అండ్ హోప్ సంస్థ నమూనా గీచినది. నూరడుగుల వెడల్పు, రెండువందల అడుగుల పొడవు, అయిదువేలమంది పట్టు లోపలి జాగా, 173 అడుగుల గోపురము. చార్మినారును మించరాదని నిజాము పట్టుబట్టుటచేతనే ఆ ఎత్తున ఆపిరని మెదకులో ప్రతివారును చెప్పుదురు. ఋజువు నేనడుగలేదు; ఫొటో తీయువానికి ఆ కథ మేలే చేసినది, ఇంకను ఎత్తైనచో చట్రమున పట్టదు.

మెదకు చిత్రములలో నూటికి తొంబది ముఖద్వారమునకు ఎదురుగా నిలిచి తీసినవే. గోపురమునకు అటునిటు సమానముగా ఆకాశము, ముందర పచ్చిక. మంచి చిత్రములే. కాని లోపలికి పోయి ఆరోహణము, జననము, శిలువ ఘట్టములు గల మూడు పెద్ద వర్ణగాజు కిటికీలను తీయబోయినపుడు గాని కెమెరాకు ఆ కట్టడము లొంగదని తెలియదు. ఫ్రాంక్ సాలిస్‌బరీ రచనయని చెప్పబడు ఆ గాజులు బయటి సూర్యుడున్నంతసేపే వెలుగును. పొద్దు వాలినచో లోపల ఎన్ని దీపములు పెట్టినను నల్లని పలకలు. గాజుకు సరిపడ వెలుగు కొలిచినచో చుట్టునున్న రాతి కమానులన్నియు చీకటియగును. రాతికి సరిపడ కొలిచినచో క్రీస్తు ముఖము తెల్లని మచ్చయగును. రెండిటిని వేర్వేరుగా తీసి కంప్యూటరులో అతికించువారున్నారు. నాకు ఆ చీకటియే ఇష్టము. చీకటిలోనున్న ఆ రాతి ఒక్కొక్క దిమ్మెయు ఒక్కొక్క పూట అన్నము. సముద్రము దాటి వచ్చిన గాజుకు ధర వ్రాయబడి యుండును, దినభత్యమునకు మోసినవాని భుజమునకు వ్రాసినవారు లేరు. గాజు వెలుగుచుండగా వారి పని అగుపడకపోవుట చిత్రములోనే తెలియవలెను.

నిజాము రాజ్యముననే, మెదకు గుడికి ముందుతరమున, రాజా దీనదయాళు అను ఛాయాచిత్రకారుడు కరవు సహాయచర్యలను చిత్రించి యుండెను. హూపర్ చిత్రములకును వాటికిని భేదము స్పష్టము: వీటిలో జనము వరుసలు తీరి, ప్రభుత్వపు దయకు సాక్షులుగా నిలిచియుందురు. ఒకరు ఆకలిని మాత్రమే తీసిరి, ఇంకొకరు ఆకలి తీర్చుటను మాత్రమే తీసిరి. ఈ రెండు త్రోవలును నాకు రుచింపవు. రాతిగోడ మధ్యస్థముగా నిలుచును. దానిని ఎంత దగ్గరగా, ఎంత కఠినముగా చిత్రించినను ఎవరి మానమును పోదు. అయినను ఉలి పడిన ప్రతిచోట ఒక చేయి ఉండినదని అది దాచదు.

గుత్తిలో ఒకనాటి సాయంకాలము ఈ ఉలిగుంటలను తీయుచు ట్రైపాడును నేలబారుగా దింపియుండగా, ఆ దారిని మేకలు తోలుకొని పోవు పెద్దాయన నిలబడి, "ఏం నాయనా, మనుసుల్ని ఇడిసిపెట్టి గోడకు తీస్తా ఉండావు?" అని అడిగెను. గోడ కట్టినవారు మనుష్యులే గదా యని నేను సమాధానము చెప్పబోతిని. "కట్టినోల్లు ఏడుండారు? ఉండేటోల్లకు తియ్యి" అని ఆయన తన మేకలతో పోయినాడు. వాదములో ఆయనదే పైచేయి.

నిజమునకు ఈ సీమలోని చర్చిలకు మంచి చిత్రచరిత్ర నావంటివారి కెమెరాలలో లేదు, ఉన్నవారి ఇండ్లలో కలదు. వివాహమైన పిదప వధూవరులను గుడిమెట్లపై నిలిపి, ఇరువైపుల బంధువులను పేర్చి, ఊరి స్టూడియోవారు తీసిన చిత్రము గోడకు వ్రేలాడని క్రైస్తవుల ఇల్లు అరుదు. ఆ చిత్రములను తేదీలవారీగా ప్రక్కప్రక్కన పెట్టినచో, పెండ్లివారి వెనుక గుడి కథ తెలియును: ఒక తరములో విడిరాయి, తరువాతి తరములో సున్నము, ఆపైన నీలిరంగు, ఒక కరవు యేట రంగు రాలి మరల బయటపడిన రాయి, ఇటీవల రాతిని కప్పి అతికించిన టైల్సు. పెండ్లివారి చీరలు, చొక్కాలు చూచి కాలము కట్టవచ్చును. సాక్షులు చాలమంది బ్రతికియే యున్నారు. ఏ పాఠశాల ఉపాధ్యాయుడైనను పూనుకొని, అయ్యగారి అనుమతితో ఒక ఊరి చిత్రములను ఇంటింటి కడ ఎరువు తెచ్చి నకళ్ళు తీయించి భద్రపరచినచో, గుత్తి, అనంతపురముల గుడులను గూర్చి ఏ గెజెటీరులోను దొరకని సంగతులు దొరకును. టైల్సు అతికించు మేస్త్రీ వచ్చులోగా ఆ పని మొదలుకావలెను.